కాలువ తాగిన నీళ్లు

ఇప్పుడు బడుల్లో రోబోటిక్స్, కోడింగ్ అని విడిగా ఒక పీరియడ్ ఉంటోంది. ఆ పాఠం చెప్పడానికి కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఈ మధ్య బాన్సువాడలో నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. బడికి వచ్చిన సామాను పెట్టె కూడా వెంట తెచ్చింది. చక్రాలు, మోటార్లు, తీగలు ఎక్కడివక్కడ గుంతల్లో అమర్చి ఉన్నాయి. ఒక్కటి కూడా వాడినట్టు లేదు. అడిగితే, "పిల్లల చేతికిస్తే ఖరాబ్ చేస్తరు మేడం. నేను చేసి చూపిస్త, వాళ్లు చూస్తరు" అంది.

ఆ అమ్మాయి కోసం, ఆమెలా ఈ పనిలోకి వస్తున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కంప్యూటర్ నా సబ్జెక్టు కాదు. ఎవరూ ముట్టుకోకపోతే నా నెత్తిన పడింది. నా బదిలీల గురించి, ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. వాటి వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. ఇందులో ఎక్కువ భాగం నేను చేసిన ఒక తప్పు గురించే. రజిత అనే తొమ్మిదో తరగతి పిల్ల విషయంలో చేసిన తప్పు అది. దాని వల్ల ఆ పిల్ల తనకు బాగా వచ్చిన పనిని తనకు రాదనుకుంది. అంతకంటే పెద్ద నష్టం ఒక టీచరు చేయగలదని నేను అనుకోను.

అమ్మ నేర్పిన రెండు పద్ధతులు

మా అమ్మ చర్చి సంఘం తరఫున బీర్కూర్, నస్రుల్లాబాద్ వైపు ఊళ్లు నడిచి వెళ్లి ఆడవాళ్లకు, పిల్లలకు వాక్యం చెప్పేది. ఆమె సంచిలో ఫ్లానెల్ గుడ్డ అంటించిన అట్ట ఉండేది. కాగితం బొమ్మలుండేవి: గొర్రెలు, పడవ, చేపలు. బొమ్మల వెనక గరుకు కాగితం ముక్క అంటిస్తే అవి గుడ్డను పట్టుకుని నిలబడతాయి. అమ్మ ఆ బొమ్మలు తాను పెట్టేది కాదు. కథ చెబుతూ పిల్లల చేతికిచ్చేది. ఎవడైనా చేపను తెచ్చి కొండ మీద పెడితే తీసి నీళ్లలో పెట్టేది కాదు. "ఆ చేప అక్కడెట్ల బతుకుతది నాయినా?" అని అడిగి ఊరుకునేది. పిల్లవాడు కాసేపు చూసి తానే లేచి వెళ్లేవాడు.

మా ఆదివారపు బడిలో ఇంకో పద్ధతి కూడా ఉండేది. వారానికొక వాక్యం కంఠతం పెట్టి అప్పజెప్పాలి. అక్షరం పొల్లుపోకుండా చెప్పినవాళ్లకు చిన్న రంగు కార్డు. నా దగ్గర కార్డులు కట్టలుండేవి. ఆ కంఠతం వృథా పోలేదు. నా భర్తను దవాఖానలో చేర్చిన రోజుల్లో, చేతిలో పుస్తకం లేనప్పుడు, ఆ వాక్యాలే నన్ను నిలబెట్టాయి. అందుకే దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

అయితే బళ్లో టీచరుగా నిలబడినప్పుడు నేను ఈ రెండో పద్ధతినే వాడాను. మొదటిది మరిచిపోయాను. దేవుని మాట మారదు కాబట్టి దాన్ని కంఠతం పెట్టాలి. ప్రోగ్రాము ఉన్నదే మార్చడానికి. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అప్పజెప్పిన ప్రోగ్రాము

తొంభైల నడుమ మా బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. దాన్ని హెడ్మాస్టర్ గారి గదిలోనే పెట్టారు. పైన ఆకుపచ్చ సాటిన్ గుడ్డ. పిల్లలు చెప్పులు విడిచి లోపలికి రావాలి, చేతులు కట్టుకుని నిలబడాలి. ఒకటే కంప్యూటర్, తరగతిలో అరవై మంది. ఏం చేయాలో తోచక నేను ప్రోగ్రాములు బోర్డు మీద రాసి కంఠతం పెట్టించాను. పది, ఇరవై, ముప్పై అని వరస నెంబర్లతో ఆ రోజుల ప్రోగ్రాములు బైబిలు వాక్యాల్లాగే ఉండేవి. పిల్లలు గొంతు కలిపి చదువుతుంటే వరండా అంతా మోగేది. నాకు ఎంతో తృప్తిగా ఉండేది.

ఒకసారి తనిఖీకి వచ్చిన ఒక అధికారి ముందు ఒక పిల్లవాడు ఏడో ఎక్కం ప్రోగ్రామును ఆగకుండా అప్పజెప్పాడు. ఆయన మెచ్చుకుని, దీన్నే తొమ్మిదో ఎక్కానికి మార్చి చెప్పమన్నాడు. వాడు ఒక క్షణం ఆలోచించి మళ్లీ మొదటి నుంచి అదే అప్పజెప్పాడు, ఈసారి ఇంకా గట్టిగా. మార్చాల్సింది ఒక్క అంకె. అధికారి నవ్వి వెళ్లిపోయాడు. హెడ్మాస్టర్ గారు మాత్రం పిల్లవాడి వీపు తట్టారు.

తర్వాత కొత్త దారి వెతికాను. కంప్యూటర్ లేకుండానే వరండాలో ఆట మొదలుపెట్టాను. ఒకరి కళ్లకు దస్తీ కట్టి రోబో అంటాం. మిగతావాళ్లు ఆజ్ఞలివ్వాలి. చెప్పింది తప్ప రోబో ఏదీ చేయకూడదు. ఒకరోజు శ్రీను రోబో. "ముందుకు నడువు" అని ఎవరో అన్నారు. అంతలో గంట కొట్టారు, పిల్లలంతా అన్నానికి పరుగెత్తారు. శ్రీను నడుస్తూనే ఉన్నాడు. వరండా దాటి, గడప దాటి, హెడ్మాస్టర్ గారి గదిలో బీరువాకు కొట్టుకుని, అక్కడ కూడా నిలబడిన చోటే కాళ్లు ఆడిస్తున్నాడట.

"ఏందిరా ఇది?" అన్నారు హెడ్మాస్టర్ గారు.

"రోబో సార్. ఆగుమని ఎవ్వరు చెప్పలే."

ఆయన నన్ను పిలిచి పిల్లలను ఏం చేస్తున్నావని గట్టిగానే అడిగారు. కానీ ఆ ఆట తర్వాత మా తరగతిలో ఏ ప్రోగ్రాము రాసినా "ఆగేదెక్కడ?" అని ఎవరో ఒకరు అడిగేవారు. బోర్డు మీద నెల రోజులు రాసినా రాని సంగతి శ్రీను నుదుటి బొప్పితో వచ్చింది.

ఆ హెడ్మాస్టర్ చెడ్డవాడు కాదు. ఏదైనా పాడైతే పైవాళ్లకు జవాబు చెప్పాల్సింది ఆయనే. ఆ భయం ఆయనది. అయితే ఆ భయాన్ని పిల్లలకు అంటించారు. యంత్రం మనకంటే గొప్పదని పిల్లలు ఒకసారి నమ్మితే దానితో వాళ్లు ఏ పనీ చేయలేరు.

చచ్చిన టేప్ రికార్డర్లు

బస్టాండు దగ్గర యూసుఫ్ భాయ్ అని రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే ఆయన ఉండేవాడు. చదువు నాలుగో తరగతి. నా సర్వీసులో నాకు దొరికిన మంచి గురువుల్లో ఆయన ఒకడు. పిల్లలతో చేయించడానికి చిన్న మోటార్లు కావాలని వెళ్లాను. మంచి మోటార్లు రెండు మూడు ఉంటే చాలన్నాను.

"మంచివి ఇయ్య టీచరమ్మా" అన్నాడు. "మంచివి ఇస్తే మీరు అల్మారీల పెడ్తరు. చచ్చినవి తీస్కపోండ్రి. చచ్చినదాన్ని విప్పనీకి ఎవ్వనికి భయముండది."

ఒక బస్తా నిండా పాడైన టేప్ రికార్డర్లు ఇచ్చాడు. పిల్లలు వాటిని విప్పిన తీరు చూస్తే కోళ్లు ధాన్యం మీద పడ్డట్టుంది. అందులో సగం మోటార్లు బ్యాటరీ తగిలిస్తే తిరిగాయి. శనివారాలు యూసుఫ్ భాయ్ దుకాణం కాసేపు మూసి బడికి వచ్చి టంకం వేయడం నేర్పేవాడు. పిల్లలు రెండుసార్లు చేతులు కాల్చుకున్నారు, మూడోసారి కాల్చుకోలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక బడికి మరికొన్ని కంప్యూటర్లు వచ్చాయి, విడిగా ఒక గది ఇచ్చారు. పాతదాన్ని నేను అడిగి తీసుకున్నాను. దానికి వెనక ప్రింటరు తగిలించే చోటు ఉంటుంది. అక్కడ ప్రింటరుకు బదులు మన తీగలు తగిలిస్తే, ప్రోగ్రాము చెప్పినప్పుడు ఆ తీగల్లోకి కొద్దిగా కరెంటు వస్తుంది. దానితో రిలే అనే చిన్న స్విచ్చిని కదిపి మోటారును తిప్పవచ్చు. అంటే పిల్లలు కీబోర్డు మీద రాసినది బల్ల మీద కదులుతుంది. మొదటిసారి టేప్ రికార్డర్ మోటారు అలా తిరిగినప్పుడు పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు. నేను మనసులోనే ప్రార్థన చేసుకున్నాను. బళ్లో మతం మాట్లాడకూడదన్నది నా నియమం. దాన్ని ఎప్పుడూ దాటలేదు. మనిషిని చేసిన దేవుడు మట్టిలో చేయి పెట్టే చేశాడని మాత్రం ఆ గదిలో నాకు తరచూ గుర్తుకొచ్చేది.

మూడు తూములు

రజిత బీర్కూర్ అవతల నుంచి బస్సులో వచ్చేది. వాళ్ల ఊరు కాలువకు చిట్టచివర ఉంటుంది. నాన్న పోశెట్టి రెండెకరాల వరి రైతు. ఆ పిల్ల ఎక్కువ మాట్లాడదు. ఏదైనా పని చేయకపోతే అందరూ నా వైపు చూసేవారు, రజిత తీగల వైపు చూసేది. మోటారు తిరగకపోతే బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి ఒక్కో అతుకూ గోటితో లాగుతూ వచ్చేది. పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతానని చెప్పేది.

జిల్లా సైన్స్ ప్రదర్శనకు ఏం తీసుకెళ్దామంటే కాలువ చేద్దామని తనే అంది. నాలుగడుగుల చెక్క మీద మట్టితో కాలువ తీశారు. అసలు కాలువ గట్టు నుంచే ఒండ్రు మట్టి తెచ్చి మెత్తారు. కాలువ పక్కన మూడు రేకు పళ్లాలు, వాటిలో మట్టి, మొలకెత్తిన వడ్లు. అవి పొలాలు. ఒక్కో పొలానికి ఒక తూము. మోటారు దారాన్ని చుట్టితే తూము తలుపు లేస్తుంది, వదిలితే దిగుతుంది. పై నుంచి బకెట్ నీళ్లు పైపు ద్వారా కాలువలోకి వస్తాయి. ఏ తూము ఎన్ని సెకన్లు తెరిచి ఉండాలో ప్రోగ్రాము చెబుతుంది. ప్రోగ్రాము రజిత రాసింది.

ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం రజిత బస్సుకు వెళ్లాక ఒకసారి సరిచూద్దామని కూర్చున్నాను. మొదటి పొలానికి పదిహేను సెకన్లు, రెండోదానికి ఇరవై, చివరిదానికి నలభై ఐదు అని ఉంది. నాకు అది తప్పుగా కనిపించింది. నడిపి చూశాను. చివరి పొలం నిండి పొర్లింది. మూడింటికీ ఇరవై పెట్టి మళ్లీ నడిపాను. మూడూ సమానంగా తడిశాయి. బొమ్మ ముచ్చటగా ఉంది. తాళం వేసి ఇంటికి వెళ్లాను.

పొద్దున బస్టాండులో పాత కంప్యూటర్‌ను లోపల సీటు మీద పెట్టి, నమూనాను బస్సు టాపు మీదికి ఎక్కిస్తుండగా, లెక్క మార్చానని రజితకు చెప్పాను. ఆ పిల్ల ముఖం మారింది.

"టీచర్, అది ఎండిన కాలువకు పెట్టిన లెక్క" అంది. "మొదటి నీళ్లు కాలువే తాగుతది. చివరికి పోవాల్నంటే టైం పడ్తది."

"నేను నడిపి చూసిన రజితా. ముగ్గురికి సమానంగా రావాలె. అదే న్యాయం" అన్నాను.

రజిత ఇంకేమీ అనలేదు. మా దగ్గర పిల్లలు టీచరుకు ఎదురు చెప్పరు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోవడం అనుకున్నాను. న్యాయం అన్న మాట వాడినందుకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. నేను నడిపి చూసినప్పుడు కాలువ మట్టి అప్పటికే నాలుగైదు పరీక్షలతో నాని ఉందన్న సంగతి నాకు తట్టలేదు. నేను పెరిగింది పట్నంలో, సంఘం ఇచ్చిన ఇంట్లో. కాలువలో మొదటి నీళ్లు వదిలిన రోజు చివరి ఊరి వాళ్లు ఎంతసేపు ఎదురు చూస్తారో నేను ఎన్నడూ చూడలేదు.

ప్రదర్శన

నమూనా ఆ రోజు బస్సు టాపు మీద ఎండింది, మరుసటి రోజు ప్రదర్శన పందిట్లో ఎండింది. మట్టి నెర్రెలు విచ్చింది. నిర్ణేతలు మా బల్ల దగ్గరికి వచ్చారు. రజిత మీట నొక్కింది. మొదటి పొలం తడిసింది. రెండోదీ తడిసింది. మూడో తూము లేచింది. నీళ్లు కాలువలో సగం దూరం వచ్చి నెర్రెల్లోకి దిగిపోయాయి. ఇరవై సెకన్లు అయ్యాయి, తలుపు పడిపోయింది. చివరి పొలం పొడిగానే ఉంది.

నిర్ణేతల్లో ఒక పెద్దాయన ప్రోగ్రాము ఎవరు రాశారని అడిగారు. అట్ట మీద రజిత పేరే ఉంది. రజిత నా వైపు చూసింది. నేను ఆ పిల్లకు గజం దూరంలో ఉన్నాను.

"నేనే సార్" అంది.

ఆయన నవ్వారు. కోపం లేని నవ్వే. "చివరోళ్లను ఎండబెట్టినవ్ గదా బిడ్డా. నువ్వు ఎన్నడన్న కాలువ చూసినవా?"

పక్కనున్న వాళ్లంతా నవ్వారు. అప్పుడు నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. మార్చింది నేను అని. చెప్పలేదు. పక్క బల్లల దగ్గర వేరే బడుల టీచర్లు ఉన్నారు. ఫిజిక్స్ టీచరుకు ఇంత కూడా తెలియదా అనుకుంటారని నోరు రాలేదు. నిర్ణేతలు ముందుకు వెళ్లారు.

తిరిగి వచ్చే బస్సులో తోటి పిల్లలు రజితను ఆటపట్టించారు. "ఏయ్ ఎండిన పొలం, జరుగు" అని ఒకడు, "నీళ్ల బాటిల్ ఉన్నదా, మళ్ల ఎండిపోతవు" అని ఇంకొకడు. రజిత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను రెండు సీట్ల ముందు కూర్చుని అన్నీ విన్నాను. అప్పుడూ చెప్పలేదు.

మరుసటి సోమవారం రజిత తన ప్రోగ్రాముల నోటు పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఇది మీ దగ్గర ఉంచుకోండ్రి టీచర్. నాకు రాదు" అంది. ఆ రోజు నుంచి కంప్యూటర్ గదికి రావడం మానేసింది. పాలిటెక్నిక్ మాట కూడా ఎత్తడం లేదని, స్నేహితులు ఏ గ్రూపు తీసుకుంటే తనూ అదే తీసుకుంటానంటోందని పిల్లలు చెప్పారు.

సంస్కారపు ఆదివారం

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే అందరూ ముందుకు వెళ్లి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారం. తోటి మనిషికి అన్యాయం చేసి, దాన్ని సరిచేసుకోకుండా ఆ బల్ల దగ్గరికి వెళ్లకూడదని మాకు చిన్నప్పటి నుంచి నేర్పారు. వెళ్తే ఏమవుతుందో కూడా నేర్పారు. ఆ ఆదివారం నా వరస లేచింది, నేను కూర్చునే ఉన్నాను. ముప్పై ఏళ్లలో అది మొదటిసారి. మరుసటి నెల కూడా అంతే. ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఇంట్లో ఏదో గొడవ అనుకుని ఉంటారు.

మా అమ్మ అప్పటికి ముసలిదై నా దగ్గరే ఉండేది. రెండోసారి చర్చి నుంచి వచ్చాక, బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"బల్ల కాడికి ఎందుకు పోలె?"

జరిగిందంతా చెప్పాను. రెండు నెలలుగా రోజూ ప్రార్థనలో ఒప్పుకుంటున్నానని కూడా చెప్పాను.

"ఆ పొల్ల కాడికి పోయినవా?"

"లేదమ్మా."

"నువ్వు ఈడ కూసొని దేవునికి చెప్తే ఆ పొల్లకెట్ల తెలుస్తది?"

అంతే అంది. మళ్లీ బియ్యం వైపు చూసింది.

ఆ శనివారం బీర్కూర్ బస్సెక్కాను. బస్సు దిగి ఇంకో కోసు నడవాలి. రజిత ఇంట్లో లేదు, అమ్మమ్మ ఊరికి వెళ్లింది. పోశెట్టి పొలంలో ఉన్నాడంటే గట్ల మీదుగా అక్కడికే వెళ్లాను. పార పట్టుకుని ఒడ్డు కడుతున్నాడు. నన్ను చూసి తలకు చుట్టిన తువ్వాలు తీశాడు. నిలబడే జరిగింది చెప్పాను. లెక్క మార్చింది నేనని, మీ బిడ్డ రాసిందే సరైనదని, ఆమెను అడిగినప్పుడు నేను నోరు మూసుకున్నానని. ఆయన చివరి దాకా విన్నాడు.

"చాయ్ హోటల్ల నన్ను ఏమంటున్నరో తెలుసా టీచరమ్మా? నీ బిడ్డనే మన పొలాలు ఎండబెట్టిందట గదా పోశెట్టీ అంటున్నరు. నవ్వులాటకే అంటున్నరు. నాకు నవ్వస్తలేదు." పారను నేలకు ఆనించాడు. "నాకు చెప్తే ఏం ఫాయిదా? నలుగురిల అన్నరు. నలుగురిల చెప్పుర్రి."

ఆయన కోపంగా అనలేదు. సరైన మాటే అన్నాడు. బహిరంగంగా చేసిన తప్పును బహిరంగంగానే ఒప్పుకోవాలన్నది మా సంఘపు క్రమం. అది ఆయనకంటే నాకే బాగా తెలియాలి. తెలిసి కూడా, ఎవరూ వినని చోట, పొలం గట్టు మీద తేలికగా తీర్చుకుందామని వెళ్లాను.

ప్రార్థన గంట తర్వాత

సోమవారం పొద్దున అసెంబ్లీలో మాట్లాడతానని హెడ్మాస్టర్ గారిని అడిగాను. పాత హెడ్మాస్టర్ బదిలీ అయ్యారు, ఈయన వేరు. విషయం విని ఇబ్బందిపడ్డారు. "మీరు ఇట్ల చెప్తే రేపు పిల్లలు మమ్మల్ని అందరిని అడుగుతరమ్మా" అన్నారు. అడగనివ్వండి సార్ అన్నాను. ఆయన చివరికి సరే అన్నారు. దానికి ఈ రోజుకీ ఆయనకు నా కృతజ్ఞతలు.

బడంతా వరసల్లో నిలబడింది. రజిత పదో వరసలో ఉంది. కాగితం రాసుకోలేదు. "ప్రదర్శనల చివరి పొలం ఎండింది నా వల్ల. రజిత రాసిన లెక్క కరెక్టు. దాన్ని నేను ఆమెను అడగకుండ మార్చిన. ఆ సారు అడిగినప్పుడు పక్కనే ఉండి కూడ చెప్పలే. తప్పు నాది. రజితకు మీ అందరి ముందట క్షమాపణ చెప్తున్న" అన్నాను. తర్వాత జనగణమన పాడి తరగతులకు వెళ్లిపోయారు. ఆ నిర్ణేతకు కూడా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

స్టాఫ్ రూములో ఇద్దరు టీచర్లు నాతో ఒక వారం సరిగా మాట్లాడలేదు. పిల్లల దగ్గర గౌరవం పోతుందని వాళ్ల భయం. నా అనుభవం చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలు ఆ వారం నుంచి నా పాఠంలో తప్పులు పట్టడం మొదలుపెట్టారు. నెలలో మూడు పట్టారు. మూడూ నిజమైన తప్పులే. అంతకు ముందు కూడా నేను తప్పులు చేసే ఉంటాను. వాళ్లకు కనబడే ఉంటాయి.

కానీ రజిత రాలేదు. సోమవారం రాలేదు, మంగళవారం రాలేదు. ఒప్పుకుంటే అన్నీ సర్దుకుంటాయని నాలో ఎక్కడో ఒక లెక్క ఉండేది. నేను ఒప్పుకోవడం నా బాధ్యత. తిరిగి రావడం, రాకపోవడం ఆ పిల్ల ఇష్టం. ఈ రెండింటినీ కలపకూడదని ఆ రెండు రోజులు నాకు నేను చెప్పుకుంటూ గడిపాను.

బుధవారం ఆఖరి పీరియడ్ అయ్యాక రజిత కంప్యూటర్ గది గుమ్మంలో నిలబడింది.

"నా పుస్తకం ఇయ్యుండ్రి టీచర్" అంది. ఇచ్చాను. లోపలికి రాలేదు. "నేను మళ్ల చేస్త. కాని మీరు ముట్టొద్దు. కీబోర్డు ముట్టొద్దు, తూములు ముట్టొద్దు."

సరే అన్నాను. ఆ పిల్ల లోపలికి వచ్చింది. నమూనా మీద దుమ్ము దులిపింది. మట్టి రెండు నెలలుగా ఎండి ఉంది, తన లెక్కకు అదే కావాలి. పాత లెక్కలను పుస్తకంలో చూసుకుంటూ టైపు చేసింది. నేను వెనక నిలబడి చూస్తున్నాను. పదిహేను, ఇరవై కొట్టింది. చివరిదానికి నలభై ఐదు కొట్టి, వేలు ఇంకోసారి తగిలి పక్కన ఒక సున్నా పడింది. నాలుగు వందల యాభై. నాకు కనబడింది. రజిత చూసుకోలేదు. నేను మాట్లాడలేదు.

మీట నొక్కింది. రెండు పొలాలు తడిశాయి. మూడో తూము లేచింది. నీళ్లు నెర్రెలు నింపుకుంటూ మెల్లగా వచ్చాయి. చివరి పొలం తడిసింది, నిండింది, పొర్లింది. తలుపు దిగలేదు. నీళ్లు బల్ల మీది నుంచి కిందికి కారి మా కాళ్ల దాకా వచ్చాయి. రజిత పరుగెత్తి పైపు లాగేసింది. వచ్చి తెర మీద చూసింది. నా వైపు తిరిగింది.

"మీరు ముందే చూసిండ్రు గదా టీచర్?"

"చూసిన."

"మరి చెప్పలే?"

"ముట్టొద్దన్నవ్ గదా."

"ముట్టొద్దన్న. చెప్పొద్దనలే" అంది. ప్రదర్శన తర్వాత ఆ పిల్ల నాతో నవ్వడం అదే మొదలు.

గుడ్డ తెచ్చి నేల తుడిచాం. రజిత సున్నా తీసేసింది. మళ్లీ నడుపుదామా అని అడిగాను. ఇప్పుడు మట్టి నానిపోయింది, ఎండేదాకా లెక్క తేలదు, శుక్రవారం చూద్దామంది. పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సుకు వెళ్లింది.

శుక్రవారం మూడో పొలం తడిసింది, పొర్లలేదు.